నా అనుభవం: ఎగరడం తర్వాత, ముందు విమానాన్ని తోయడం నేర్చుకో అన్నారు

డబ్బు కట్టి ఫ్లయింగ్‌కి చేరాక మొదటి కొన్ని వారాలు విమానాన్ని తోయడం, తుడవడం, తాళ్ళతో కట్టేయడం, మళ్ళీ విప్పి తోయడం, ఇదే పని. క్లాస్ 2 మెడికల్ చేయించుకుని, స్టూడెంట్ పైలట్ లైసెన్స్ కాగితాల కోసం తిరిగి, శని ఆదివారాలు తెల్లారకముందే లేచి బెంగళూరులో హెబ్బాళ దాటి వెళ్ళేది దీనికా అనిపించింది. ఇన్‌స్ట్రక్టర్ సార్ మాత్రం చేరిన రోజే చెప్పేశారు, నేల మీద నువ్వు చేసే పని మీద నాకు నమ్మకం కుదిరేదాకా పైకి తీసుకెళ్ళను, ఎన్ని వారాలైనా సరే అని. పీపీఎల్‌కి, అంటే ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కి, కనీసం 40 గంటల ఫ్లయింగ్ కావాలి. ఈ తోయడాలూ కట్టడాలూ ఆ లెక్కలోకి రావు కాబట్టి చాలామంది దీన్ని టైమ్ వేస్ట్ కింద చూస్తారు. నేనైతే ఇప్పుడు అలా చూడట్లేదు.

పెద్ద ఎయిర్‌పోర్టులో, మన దేవనహళ్ళి లాంటి చోట, విమానం గేటు నుంచి వెనక్కి కదలాలంటే దాన్ని నెట్టే టగ్ అనే బండి ఉంటుంది, దానికి డ్రైవరుంటాడు, కింద హెడ్‌సెట్ పెట్టుకుని పైలట్‌తో మాట్లాడే మనిషి ఉంటాడు, అవసరమైతే రెక్కల దగ్గర మనుషులుంటారు, టవర్‌లో గ్రౌండ్ కంట్రోలర్ ఉంటాడు. చిన్న ఫీల్డ్‌లో వీళ్ళందరి పనీ ఆ పూట హ్యాంగర్ దగ్గర ఎవరు కనిపిస్తే వాళ్ళది. నేను, ఇంకో స్టూడెంట్, హెల్పర్ అన్న, ఒక్కోసారి టీ తెచ్చిన అబ్బాయి కూడా. తలా ఓ చెయ్యి వేస్తారు. ఆ తలా ఓ చెయ్యి దగ్గరే రెక్కలు గీసుకుపోయేది.

మా హెల్పర్ అన్నది బాగేపల్లి. కర్ణాటకే అయినా ఇంట్లో తెలుగే మాట్లాడతారు, మధ్యమధ్యలో కన్నడం దొర్లుతుంది. మొదట్లో మేడం మేడం అనేవాడు, మాది హిందూపురం అని తెలిశాక అక్కనైపోయాను. అతను పైలట్ కాదు, ఇంజినీరూ కాదు, కానీ హ్యాంగర్‌లో విమానం కదిలేటప్పుడు అతని మాటే చెల్లుతుంది. వేల గంటలు ఎగిరిన ఇన్‌స్ట్రక్టర్ సార్ కూడా ఆ కాసేపు రెక్క చివర నిలబడి అతను చెప్పినట్టే నడుస్తారు. తోయమని చెప్పేది ఒక్కడే. ఆగమనే హక్కు మాత్రం అందరిదీ, టీ అబ్బాయితో సహా. ఎవరు అరిచినా ముందు ఆపాలి, ఎందుకని తర్వాత అడగాలి. ఒకసారి ఆ అబ్బాయే ఆపాడు, చూస్తే ఏమీ లేదు, రెక్క నీడ గోడ మీద పడటం చూసి తగులుతోందనుకున్నాడట. అందరం నవ్వబోతుంటే అన్న ఒప్పుకోలేదు. "నగొద్దండప్పా, రేపు నిజంగా తగిలేటప్పుడు వాడు నోరు తెరవడు" అన్నాడు. అంతే, ఎవరూ నవ్వలేదు.

మేం నేర్చుకునేది సెస్నా 172 మీద. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 36 అడుగులు, అంటే 11 మీటర్లు. ఖాళీగా ఉన్నా బరువు 700 కిలోలకి పైమాటే, కానీ చక్రాల మీద ఎంత సులువుగా దొర్లుతుందంటే ఇద్దరు కాస్త గట్టిగా తోస్తే బయల్దేరుతుంది. మోసమంతా ఆ సులువులోనే ఉంది, ఎందుకంటే తోసేటప్పుడు లోపల బ్రేకుల మీద కాళ్ళు పెట్టుకుని ఎవరూ కూర్చోరు, హ్యాంగర్ ముందు వాననీళ్ళు పోవడానికని నేలకి కాస్త వాలు ఉంటుంది, ఆ వాలు దొరికిందంటే విమానం మనకంటే ముందు నడుస్తుంది. అందుకే ఒక మనిషి చాక్స్, అంటే చక్రానికి అడ్డంగా పెట్టే దిమ్మలు, చేతిలో పట్టుకుని చక్రం పక్కనే నడవాలి, వేరే పని పెట్టుకోకూడదు.

ఎక్కడ చెయ్యి వేయాలనేది ఇంకో పెద్ద పాఠం. చూడటానికి అంతా లోహమే, గట్టిగానే ఉన్నట్టుంటుంది, కానీ చాలాచోట్ల అది పల్చటి అల్యూమినియం రేకు. రెక్క వెనక అంచున కదిలే పలకలు, అవే ఫ్లాపులు, ఏలరాన్లు, వాటిని పట్టుకుని తోయకూడదు. ప్రొపెల్లర్ మధ్యలో ముక్కు మీద టోపీలా ఉండే స్పిన్నర్ పట్టుకోకూడదు. రెక్కకి ఆసరాగా ఏటవాలుగా ఉండే స్ట్రట్‌ని బాడీకి దగ్గరగా పట్టుకుని తోయొచ్చు. విమానాన్ని ఉన్నచోటే తిప్పాలంటే తోకని కిందికి నొక్కి ముక్కు చక్రం లేపుతారు, అది కూడా తోక రెక్క మీద కాదు, దానికి కాస్త ముందు, బాడీ మీద నొక్కాలి. తోక రెక్క మీద నొక్కడం చాలాచోట్ల అలవాటు, అందరూ చేస్తారు, ఏమీ కానట్టే ఉంటుంది, కొన్నేళ్ళకి లోపల రివెట్ల దగ్గర బీటలు బయటపడతాయి. ఇది చెప్పింది మా ఏఎంఈ గారు, అంటే విమానం మరమ్మతులు చూసి సంతకం పెట్టే ఇంజినీరు, నెల్లూరు వైపు పెద్దాయన. ఎవరి చెయ్యైనా ఆ తోక రెక్క మీద కనిపిస్తే హ్యాంగర్ అవతలి మూల నుంచి కేక వేస్తారు.

టో బార్, అంటే ముక్కు చక్రానికి తగిలించి విమానాన్ని లాగే కడ్డీ, దాంతో చక్రం తిప్పేటప్పుడు మధ్య నుంచి అటు 30 డిగ్రీలు, ఇటు 30 డిగ్రీలు, అంతకుమించి తిప్పకూడదు. పెద్ద మలుపు కావాలంటే ముందుకీ వెనక్కీ రెండు మూడుసార్లు ఆడించాలి. అన్నకి తొందర పడేవాళ్ళంటే పడదు. "యాడికి పోవాలక్కా అంత అర్జెంటుగా, రన్‌వే యాడికీ పోదులే" అంటాడు.

ఇంకొకటి, లోపలికి పెట్టేటప్పుడు వెనక్కి తోస్తాం కదా, అందరి కళ్ళూ రెక్క కొసల మీదే ఉంటాయి. తోకని ఎవరూ చూడరు. నా స్నేహితుడు ట్రైనింగ్ అయిన చోట, ఊరి పేరు ఎందుకులే, సరిగ్గా ఇదే జరిగింది. రెండు రెక్కల దగ్గరా ఇద్దరు నిలబడి రా రా అంటున్నారు, రెండు వైపులా బోలెడు ఖాళీ ఉంది, తోక వెళ్ళి వెనకున్న ఇంకో విమానం ప్రొపెల్లర్‌కి గుద్దుకుంది. తోక రెక్కకి కదిలే భాగం, ఎలివేటర్, వంగింది. ఆ స్పేర్ పార్ట్ వచ్చి బిగించేదాకా విమానం మూలన పడి ఉంది, స్టూడెంట్ల గంటలన్నీ ఆగిపోయాయి. గాల్లో కాదు, నడక వేగంలో కూడా కాదు, పాకుతున్నంత నెమ్మదిగా జరిగిన దెబ్బ. అందుకని మా దగ్గర వెనక్కి తోయాలంటే తోక దగ్గర మనిషి లేనిదే మొదలుపెట్టరు. మనిషి తక్కువైతే ఆగి ఎవరినో ఒకరిని పిలుచుకొస్తారు. మొదట్లో నాకిది అతి అనిపించింది, కాంటీన్ దాకా వెళ్ళి మనిషిని పిలవడమేంటని. ఆ కథ విన్నాక నేనే వెళ్ళి పిలుస్తున్నాను.

టో బార్ గురించి వేరేగా చెప్పాలి, ఎందుకంటే చిన్న విమానాల్లో అన్నిటికంటే తెలివితక్కువగా, అన్నిటికంటే ఖరీదుగా జరిగే ప్రమాదం ఇదే. ముక్కు చక్రానికి తగిలించిన బార్ తీయకుండా ఇంజిన్ స్టార్ట్ చేస్తారు. పైలట్ సీట్లో కూర్చుంటే ముక్కు కింద ఏముందో కనపడదు. ప్రొపెల్లర్ కొసకీ నేలకీ మధ్య ఉండేది జానెడు కంటే కాస్త ఎక్కువ, అంతే. బ్లేడు బార్‌కి తగిలిందంటే ప్రొపెల్లర్ ఒక్కటే మార్చుకుంటే సరిపోదు. ఆ అదురు లోపల క్రాంక్ షాఫ్ట్ దాకా పోతుంది కాబట్టి ఇంజిన్ విప్పి చూడాల్సిందే అని ఇంజిన్ తయారు చేసే లైకమింగ్ వాళ్ళ సర్వీస్ బులెటిన్ 533 చెబుతుంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు తగిలి బ్లేడు దెబ్బతిన్నా అది ప్రాప్ స్ట్రైక్, అంటే ప్రొపెల్లర్ దెబ్బ, కిందికే వస్తుంది. ఆ బిల్లుతో ఊళ్ళో ఓ ప్లాటుకి అడ్వాన్స్ ఇవ్వొచ్చని ఏఎంఈ గారు అంటుంటారు. మా దగ్గర పద్ధతి ఏంటంటే, చెయ్యి ఉంటేనే బార్ ఉంటుంది. చెయ్యి తీస్తున్నావంటే, ఫోన్ ఎత్తడానికైనా సరే, ముందు బార్ ఊడదీసి పక్కన పెట్టాలి. తర్వాత తీద్దాంలే అనేది లేదు. నాకు తెలిసి ఇంతకంటే చవకైన సేఫ్టీ ఇంకోటి లేదు.

ప్రొపెల్లర్ దగ్గర మనుషుల సంగతి. ఈ ఇంజిన్లలో స్పార్క్ పుట్టించే మ్యాగ్నెటోలకి బ్యాటరీతో పనిలేదు, తిప్పితే చాలు వాటంతటవే స్పార్క్ ఇస్తాయి. తాళం ఆఫ్‌లో పెడితే ఆ కరెంటు ఒక వైరు గుండా బాడీలోకి పోయి స్పార్క్ రాకుండా ఉంటుంది. ఆ ఒక్క వైరు తెగితే తాళం మన జేబులో ఉన్నా ఇంజిన్ బతికే ఉన్నట్టు. లోపల కాస్త పెట్రోలు ఆవిరి మిగిలి ఉండి, ఎవరో ఆటగా బ్లేడుని చేత్తో తిప్పితే, ఒక్క కొట్టు కొట్టొచ్చు. చెయ్యి పోవడానికి ఆ ఒక్కటి చాలు. కాబట్టి ప్రాప్ అంటే ఎప్పుడూ తిరగబోతున్నదే అనుకోవాలి, దాని తిరిగే వృత్తంలోకి భుజమో మోచెయ్యో కూడా పోనివ్వకూడదు. కాక్‌పిట్‌లో మనిషి ఉంటే స్ట్రట్ దాటి ముందుకి ఎవరూ రాకూడదనేది ఇంకో రూలు. చూడటానికి వచ్చినవాళ్ళకి ఇది చెప్పడమే పెద్ద తలనొప్పి, ఇప్పుడు ప్రతివాళ్ళకీ ప్రొపెల్లర్ పట్టుకుని రీల్ కావాలి. రెక్క పక్కన నిలబడి తీసుకోండి, అక్కడే బాగా వస్తుంది అని అబద్ధం చెప్పి పంపిస్తుంటాను.

స్టార్ట్ చేసే ముందు తిరిగే బీకన్ లైటు వేసి, కిటికీ తెరిచి "క్లియర్ ప్రాప్" అని అరవాలి. చాలామంది అరుస్తూనే తాళం తిప్పేస్తారు. అరిచేది వినేవాళ్ళు పక్కకి తప్పుకోవడానికి కదా, వాళ్ళకి ఆ టైమ్ ఇవ్వాలి. సార్ నా చేత అరిపించి, ఎడమ, ముందు, కుడి చూడమని, బయట నుంచి అన్న బొటనవేలు చూపించేదాకా చెయ్యి తాళం మీద పెట్టనిచ్చేవారు కాదు. ఆ నిమిషం ఎంత పొడుగ్గా ఉండేదో. ఇంజిన్ తిరగడం మొదలయ్యాక 1000 ఆర్‌పీఎం అంటే సెకనుకి దాదాపు 17 సార్లు, బ్లేడు కంటికి కనపడదు, కాస్త మసకగా గాలి కదిలినట్టుంటుంది. చాక్స్ ఉండిపోయాయనో తలుపు సరిగ్గా పడలేదనో గుర్తొస్తే ఇంజిన్ ఆపి దిగాలి. నడుస్తుండగా ఎవరూ కిందికి వంగకూడదు.

అంతమంది స్టాఫ్, అన్ని రూల్స్ ఉండే పెద్ద ఎయిర్‌పోర్టులో కూడా 2015 డిసెంబర్‌లో ముంబైలో ఒక టెక్నీషియన్‌ని నడుస్తున్న జెట్ ఇంజిన్ లోపలికి లాగేసింది. మా దగ్గర ఉండేది ముగ్గురం నలుగురం.

పెట్రోలు పోసేటప్పుడు రెండు మాటలు. రెక్క పైన ఉంటాయి ట్యాంకులు, నిచ్చెన వేసుకుని ఎక్కాలి. ముందు స్టాటిక్ కరెంటుకి నిప్పురవ్వ రాకుండా బాండింగ్ వైరు క్లిప్పు తగిలించాలి, ఫోన్ దూరంగా పెట్టాలి. నిండాక నిచ్చెన వెంటనే తీసేయాలి, ఎందుకంటే పెట్రోలు బరువుకి విమానం కాస్త కిందికి దిగుతుంది, రెక్క వచ్చి నిచ్చెన మీద కూర్చుంటుంది. ఇది నేను ఊహించనే లేదు.

ఇక టాక్సీ, అంటే విమానాన్ని నేల మీద నడపడం. కారు నడిపిన ఎవరికైనా చేతులు యోక్ మీదికే పోతాయి, మలుపు వస్తే స్టీరింగ్‌లా తిప్పేస్తారు, విమానం మాత్రం నేరుగా పోతూనే ఉంటుంది. నేల మీద దిశ కాళ్ళతో, రడ్డర్ పెడల్స్‌తో. సార్ మందు ఏంటంటే మొదట్లో రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకోమన్నారు, ఇంజిన్ వేగం పెంచే థ్రాటిల్ ఆయనే చూసుకున్నారు. చాక్స్ తీసి నాలుగు అడుగులు కదలగానే బ్రేక్ నొక్కి చూడాలి, తర్వాత సార్ తన వైపు బ్రేకూ చూసుకుంటారు. బ్రేకులు లేవని తెలుసుకోవాలంటే ఎదురుగా ఏమీ లేని ఆ నాలుగు అడుగులే మంచి చోటు. వేగం ఎంత అంటే, పక్కన ఒక మనిషి గబగబా నడిస్తే సరిపోయేంత. ఒక పక్క థ్రాటిల్ పెంచి ఇంకో పక్క బ్రేక్ తొక్కుకుంటూ పోవడం ఆయనకి చిర్రెత్తిస్తుంది. వేగం ఎక్కువైతే ముందు థ్రాటిల్ తగ్గించు, బ్రేక్ తర్వాత.

బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 3000 అడుగుల ఎత్తు కాబట్టి నేల మీద మిక్స్చర్, అంటే గాలిలో కలిసే పెట్రోలు పాలు తగ్గించే నాబ్, లాగి పెట్టమంటారు, లేకపోతే ప్లగ్గులకి మసి పడుతుంది. లాగితే బాగా లాగాలి, సగం సగం కాదు. ఎక్కువ లాగి ఉంటే మర్చిపోయి టేకాఫ్‌కి థ్రాటిల్ తోసినా ఇంజిన్ అక్కడే తడబడి మనకి గుర్తు చేస్తుంది. కాస్తే లాగి ఉంటే ఏమీ తెలియకుండా పైకి తీసుకెళ్ళి అక్కడ గుర్తు చేస్తుంది.

గాలి గురించి నాకు అసలు తెలియదు, ఆగి ఉన్న విమానాన్ని కూడా గాలి ఎగరేయాలని చూస్తుందని. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బెంగళూరులో పడమటి గాలి దంచుతుంది. గాలికి ఎదురుగా ఎగరాలి కాబట్టి పడమరకి టేకాఫ్, అంటే రన్‌వే తూర్పు కొసకి చేరాలి. తూర్పుకి పోతుంటే గాలి వెనక నుంచి కొడుతుంది, అది కూడా సరిగ్గా వెనక నుంచి కాకుండా ఓ మూల నుంచి. 172 లాంటి పై రెక్క, మూడు చక్రాల బండికి అన్నిటికంటే చెడ్డ గాలి అదే, తోకనీ ఒక రెక్కనీ కలిపి లేపేస్తుంది. వెనక ఎడమ నుంచి గాలి వస్తుంటే యోక్ కుడికి తిప్పి ముందుకి నెట్టి పట్టుకోవాలి, గాలి నుంచి కిందికి దూకి పారిపోతున్నట్టు. ముందు ఎడమ నుంచి వస్తుంటే యోక్ ఎడమకి, ఎలివేటర్ మధ్యలో. టాక్సీవే ఒక్క మలుపు తిరిగితే లెక్క మారిపోతుంది. ఆ వారాల్లో నేను ఆఫీసులో మీటింగుల్లో కూడా పెన్ను పట్టుకుని గాలి ఎటు, చెయ్యి ఎటు అని తిప్పుకుంటూ కూర్చునేదాన్ని, మా మేనేజర్ ఏమనుకున్నాడో. గాలి ఎటు వీస్తుందో చూపించే గాలికోన మీద ఓ కన్ను ఎప్పుడూ ఉండాలి. పక్కన హెలికాప్టర్ నేలకి దగ్గరగా తేలుతూ పోతుంటే ఆ గాలి వేరే, దాని రోటర్ వెడల్పుకి మూడు రెట్లు దూరం ఉంచుకోమంటారు.

మన గాలి వేరేవాళ్ళకి కొట్టడం కూడా ఉంది. టేకాఫ్‌కి ముందు రన్-అప్ అని ఆర్‌పీఎం 1800 దాకా పెంచి మ్యాగ్నెటోలు చూస్తాం. వెనక తెరిచిన హ్యాంగర్ ఉందా, స్కూటర్ స్టాండ్ వేసి ఉందా, ఇంకో విమానం తలుపు తెరుచుకుని ఉందా చూసుకోకుండా పెంచితే కంకర రాళ్ళు వాళ్ళ మీదికి పోతాయి. మన ప్రాప్ కూడా కింది రాళ్ళని లాక్కుని బ్లేడు అంచు చెడగొట్టుకుంటుంది. ఇక రన్-అప్‌లో అందరూ తల దించి గేజీలు చూస్తుంటారు, పార్కింగ్ బ్రేక్ వేశాంలే అని ధీమా. ఆ బ్రేక్ కాస్త వదులైతే విమానం మెల్లగా ముందుకి జరుగుతూనే ఉంటుంది. ఒక్కో అంకె చూసి ఒకసారి తల ఎత్తి బయట ఏదో ఒక గుర్తు, గడ్డి మొక్కో లైటో, కదులుతుందా అని చూడమనేవారు సార్.

ఎదురెదురుగా రెండు విమానాలు వస్తే ఇద్దరూ ఆగాలి లేదా ఎవరి కుడికి వాళ్ళు తప్పుకోవాలి. అడ్డంగా కలిసే చోట, కుడి పక్క నుంచి వచ్చేవాడికి దారివ్వాలి. వెనక నుంచి దాటేవాడే జాగ్రత్త పడాలి. ఇది అంతర్జాతీయ రూల్, అందరికీ ఒకటే. బళ్ళారి రోడ్డు ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చి, అక్కడ కుడి పక్కవాడికి దారివ్వడం అంటే మనసు ఒప్పుకోవడానికి టైమ్ పట్టింది.

హోల్డింగ్ లైను, అంటే రన్‌వేకి ముందు ఆగాల్సిన గీతల దగ్గర మాత్రం సార్ జోకులు వేయరు. పసుపు రంగులో రెండు నిండు గీతలు, రెండు తెగిన గీతలు. నిండు గీతలు మన వైపుంటే ఆగాలి, అనుమతి లేకుండా ముక్కు చక్రం కూడా దాటకూడదు. రేడియోలో ఆగమని చెబితే ఆ మాటని మళ్ళీ మన నోటితో చెప్పాలి, ఊరికే రోజర్ అంటే కుదరదు. చిన్న విమానం వల్ల ఏమవుతుందిలే అన్న ఇంకో స్టూడెంట్‌కి ఆయన చెప్పిన కథ 2001 అక్టోబర్ 8 మిలాన్ లినాటేది. దట్టమైన పొగమంచు. చిన్న సెస్నా సైటేషన్ జెట్, ఆర్5 అనే టాక్సీవే బదులు ఆర్6 పట్టుకుంది. ఆ ఆర్6 నేరుగా రన్‌వే మీదికి పోతుంది. అప్పుడే టేకాఫ్‌కి పరిగెడుతున్న ఎస్ఏఎస్ కంపెనీ ప్యాసింజర్ విమానం ఎండీ-87 దాన్ని గుద్దింది, 118 మంది చనిపోయారు. గ్రౌండ్ రాడార్ ఆ రోజు పనిచేయట్లేదు. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో కూడా రన్‌వే మీదికి వచ్చేసిన కోస్ట్ గార్డ్ విమానాన్ని దిగుతున్న ఎయిర్‌బస్ ఏ350 గుద్దింది, పెద్ద విమానంలో ఉన్న 379 మందీ బయటపడ్డారు, చిన్నదాంట్లో ఆరుగురిలో ఐదుగురు పోయారు. ఇది చెప్పి సార్, "నువ్వెక్కడున్నావో సందేహం వచ్చిందా, ఆగు, రేడియోలో అడుగు. సిగ్గుపడి ముందుకి పోకు" అన్నారు. బెంగళూరులో డిసెంబర్, జనవరి తెల్లవారుజాముల్లో మంచు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి ఇది ఎక్కడో ఇటలీ కథలా వినపడదు. చిన్న ఫీల్డ్‌ల్లో కొన్నిచోట్ల పక్కన టాక్సీవే ఉండదు, రన్‌వే మీదే వెనక్కి నడుపుకుంటూ కొసకి పోవాలి. అప్పుడైతే ల్యాండింగ్‌కి వచ్చేవాడు ఉన్నాడా అని వినడం, కళ్ళతో చూడటం, చెప్పి ఎక్కడం, త్వరగా ఖాళీ చేయడం, అన్నీ మన మీదే.

దసరాకి ఆయుధపూజ. దీని గురించి రాయకపోతే బెంగళూరు హ్యాంగర్ గురించి రాసినట్టే కాదు. లారీలకీ ఆటోలకీ చేసినట్టే విమానాలకీ చేస్తారు, అన్ని విమానాలూ కడిగి వరసగా నిలబెడతారు, అరటి పిలకలు, బంతిపూలు, చక్రాల కింద నిమ్మకాయలు. ఆ రోజు అందరి ఇళ్ళ నుంచీ పిల్లాపాపలతో వస్తారు, మా అమ్మ కూడా హిందూపురం నుంచి వచ్చింది. పండగే, కానీ సేఫ్టీ చూసుకునేవాళ్ళకి ఏడాదిలో అదే అన్నిటికంటే టెన్షన్ రోజు. ముందురోజే ఏఎంఈ గారు అందర్నీ నిలబెట్టి చెప్పారు. ప్రాప్‌కి దండ వేయకూడదు, వేయాలంటే బ్లేడుని తిప్పాలనిపిస్తుంది, దండ ఇద్దరు పట్టుకుని చుడతారు. దండ టో బార్‌కి వేసుకోండి, అదీ ఆయుధమే కదా అన్నారు. పసుపు కుంకుమ స్టాటిక్ పోర్ట్ దరిదాపుల్లో పెట్టకూడదు, ఆ చిన్న రంధ్రం మూసుకుపోతే పైన ఎత్తు తప్పు చూపిస్తుంది. వేగం కొలిచే పిటో ట్యూబుకి కవర్ తొడిగే ఉంచాలి. తాళాలన్నీ ఆయన జేబులో.

అసలు చిక్కు బూడిద గుమ్మడికాయ. లోపల కుంకుమ, చిల్లర నాణేలు వేసి దిష్టి తీసి పగలగొట్టడం ఇక్కడ ఆనవాయితీ, మర్నాడు సిటీ రోడ్ల మీద ఆ ముక్కల మీద జారిపడే టూవీలర్ల సంగతి అందరికీ తెలుసు. విమానాలు నిలిపే ఏప్రన్ మీద ఆ నాణెం ఒకటి మిగిలిపోయి ప్రొపెల్లర్ లాక్కుంటే బ్లేడుకి గాటు పడుతుంది. వద్దంటే పూజారి గారూ, పాత స్టాఫూ ఊరుకోరు. చివరికి తెగిన బేరం ఏంటంటే, గుమ్మడికాయ గేటు బయట, పార్కింగ్ వైపు కొట్టాలి, నాణేలు లేకుండా. పూజ అయ్యాక నిమ్మకాయలు లెక్కపెట్టి తీశారు, విమానాన్ని వాటి మీదుగా నడపలేదు. సాయంత్రం అందరం ఒక వరసలో నిలబడి ఏప్రన్ ఈ చివర నుంచి ఆ చివరకి నేల చూసుకుంటూ నడిచాం. దొరికినవి: బంతిపూల దారం, హెయిర్ క్లిప్పు, చిప్స్ ప్యాకెట్లు, ఎవరిదో చెవి దుద్దు. నాణెం దొరకలేదు. అమ్మ కూడా మాతోపాటే నడిచింది. చెవి దుద్దు దొరికింది ఆవిడకే.

తిరిగొచ్చాక ఆపడానికి కూడా ఓ వరస ఉంది. ఐడిల్‌లో మ్యాగ్నెటో తాళం ఒక్క క్షణం ఆఫ్‌కి తిప్పి ఇంజిన్ చావబోతుందా లేదా చూస్తారు, ఇందాక చెప్పిన వైరు బాగుందో లేదో తెలియడానికి. ఆపేది తాళంతో కాదు, మిక్స్చర్ లాగి, సిలిండర్లలో పెట్రోలు లేకుండా. తర్వాత తాళం తీసి ముందు అద్దం కిందుండే గ్లేర్ షీల్డ్ మీద, బయట నుంచి అద్దంలో అందరికీ కనపడేలా పెట్టాలి. తాళం అక్కడ కనపడకపోతే అన్న టో బార్ తగిలించడు.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములతో వచ్చే వానలు తెలిసినవే. పది నిమిషాల ముందు దాకా ఆకు కదలదు, తర్వాత ఒక్కసారిగా దుమ్ము లేస్తుంది. ఓసారి సార్ మబ్బు చూసి రన్‌వే చుట్టూ ఇంకో సర్క్యూట్ అడిగిన స్టూడెంట్‌ని దింపేసి, విమానాలన్నీ కట్టించారు. ముక్కు గాలి వచ్చే వైపు, రెండు రెక్కలకీ తోకకీ తాళ్ళు, మరీ బిగించకుండా కొద్దిగా వదులు, చక్రాలకి రెండు వైపులా చాక్స్, కంట్రోల్ లాక్ లోపల. కంట్రోల్ లాక్ వేయకపోతే గాలికి ఏలరాన్లు టపటపా కొట్టుకుని వాటి కీళ్ళే విరుగుతాయి. మేం ఆఖరి తాడు కడుతుండగానే గాలి మొదలైంది, విమానం తాళ్ళ మీద లేచి లేచి పడుతోంది, చినుకులు రాళ్ళలా తగిలాయి. అన్న మమ్మల్ని అక్కడి నుంచి తరిమేశాడు, రెక్క కింద నిలబడొద్దు, తాడు తెగితే మనిషే ముందు అని. ఏ విమానమూ కదల్లేదు.

చివరికి నా పరీక్ష ఏ పేపరూ లేకుండా అయిపోయింది. ఒక ఆదివారం సార్ కుర్చీ వేసుకుని కాఫీ తాగుతూ కూర్చుని, నేను హ్యాంగర్ నుంచి బయటికి తీయించి, పోయించి, స్టార్ట్ చేసి, హోల్డింగ్ లైను దాకా పోయి తిరిగొచ్చి కట్టేసేదాకా చూశారు, పక్క సీట్లో ఇంకో ఇన్‌స్ట్రక్టర్ నోరు మెదపకుండా కూర్చున్నారు. మధ్యలో కావాలనే ఎవరినో రెక్క ముందు నుంచి నడిపించారని నా అనుమానం, అడిగితే చెప్పరు. ఆపేశాను, ఆ మనిషి దాటి పోయేదాకా ఆగాను. తర్వాతి వారం నుంచి లాగ్‌బుక్‌లో గంటలు పడటం మొదలైంది.

ఎక్కడైనా చేరాలనుకునేవాళ్ళు ఫీజుల షీటు అడిగే ముందు ఒక శనివారం పొద్దున్నే హ్యాంగర్ తెరిచే టైమ్‌కి వెళ్ళి ఓ మూల నిలబడి చూడండి. తోక దగ్గర మనిషి ఉంటున్నాడా, చెయ్యి తీసేటప్పుడు టో బార్ తీస్తున్నారా, తాళం అద్దంలో కనపడుతోందా, అరిచాక ఆగి చూసి స్టార్ట్ చేస్తున్నారా, హెల్పర్ ఆగమంటే పైలట్ ఆగుతున్నాడా. విమానాలు కొత్తవా పాతవా అన్నది తర్వాత అడగొచ్చు.